శ్రద్ధ నిలవని పిల్లలు, చప్పుడుకు తట్టుకోలేని పిల్లలు: ప్రాథమిక టీచర్లకు శిక్షణ ఇలా ఇవ్వండి

మీరు హైదరాబాద్‌లో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టరో, అకడమిక్ కోఆర్డినేటరో, కాంప్లెక్స్ సమావేశాల్లో రిసోర్స్ పర్సనో అయితే ఇది మీకోసం. ప్రొజెక్టర్ పెట్టి, బయటి నుంచి ఒక నిపుణుణ్ని పిలిచి ఒక్కరోజులో ముగించే శిక్షణ వల్ల క్లాసులో మార్పు రాదు. సాయంత్రానికి టీచర్లకు ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవని సమస్య) అంటే ఏమిటో తెలుస్తుంది. కానీ సోమవారం రెండో పీరియడ్‌లో పిల్లాడు బెంచి కిందికి దూరితే నోటి నుంచి పాత మాటే వస్తుంది. కొత్త మాటను వాళ్లు అప్పటిదాకా ఒక్కసారి కూడా పైకి పలికి చూడలేదు మరి. అందుకని శిక్షణలో సగం కంటే ఎక్కువ సమయం సాధనకే ఇవ్వండి. ఆ తర్వాత క్లాసులో కూర్చుని చూసి చెప్పే మనిషిని ఏర్పాటు చేయండి. ఈ రెండూ కుదరకపోతే శిక్షణ వాయిదా వేసుకోవడమే మేలు.

కాలం, జట్టు

నాలుగు సెషన్లు చాలు. ఒక్కొక్కటి 90 నిమిషాలు, వారం విడిచి వారం. జూన్‌లో అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ హడావిడి ఉంటుంది కాబట్టి జులైలో మొదలుపెట్టండి, దసరా సెలవుల లోపు అయిపోతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఇలాంటిది పెట్టుకోకండి. ఎండకు పిల్లలూ టీచర్లూ అలసిపోయి ఉంటారు, సాధన సాగదు.

ఒక జట్టులో 15 మందికి మించి టీచర్లు వద్దు. శనివారం చివరి రెండు పీరియడ్లు దీనికి కేటాయించండి. ఒక జట్టు శిక్షణలో ఉంటే రెండో జట్టు పిల్లల్ని ఆటల్లో చూసుకుంటుంది. బడి వదిలాక కూర్చోబెడితే టీచర్ల ధ్యాసంతా బస్సు మీదే ఉంటుంది, అది వాళ్ల తప్పు కాదు. ఆయాలను, మధ్యాహ్న భోజనం వడ్డించేవాళ్లను మూడో సెషన్‌కు తప్పకుండా పిలవండి. కొందరు పిల్లలకు రోజులో అన్నిటికంటే కష్టమైన అరగంట భోజనాల దగ్గరే గడుస్తుంది.

మొదటి సెషన్: చూడటం, రాయటం

మొదటి 20 నిమిషాలు విషయం చెప్పండి, అంతకు మించి వద్దు. ఏడీహెచ్‌డీలో రెండు పాయలు ఉంటాయి: శ్రద్ధ నిలవకపోవడం ఒకటి, కుదురు లేకపోవడం, ఆగలేక తొందరపడటం రెండోది. కొందరు పిల్లల్లో ఒకటే ఉంటుంది, కొందరిలో రెండూ ఉంటాయి. ఆ లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ అంటే రెండు చోట్ల కనిపించాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. అప్పుడే డాక్టర్లు ఆ పేరు పెడతారు. కుదురుగా కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయే ఆడపిల్లను ఎవరూ గుర్తించరు. ఆ అమ్మాయి గురించి విడిగా చెప్పండి.

సెన్సరీ ఇబ్బంది, అంటే ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారంతో వచ్చే ఇబ్బంది, సంగతి వేరు. చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శతో పాటు శరీరానికి మరో మూడు రకాల సమాచారం అందుతూ ఉంటుంది. తల కదలికను, శరీర సమతుల్యాన్ని చెవి లోపలి భాగం చెబుతుంది. కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో కండరాలు, కీళ్లు చెబుతాయి. ఆకలి, దాహం, మూత్రం వంటివి లోపలి నుంచి తెలుస్తాయి. ఈ సమాచారం కొందరికి మరీ ఎక్కువగా తగులుతుంది, వాళ్లు చెవులు మూసుకుంటారు, పక్కవాళ్లు తగిలితే తోసేస్తారు. కొందరికి సరిగా అందదు, పిలిచినా పలకరు, ముక్కు కారుతున్నా గమనించరు. ఇంకొందరికి ఎంత అందినా చాలదు, గోడలకు గుద్దుకుంటారు, కాలర్ నములుతారు. ఆటిజం నిర్ధారణలో ఇది ఒక లక్షణం. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లోనూ తరచు కనిపిస్తుంది, ఏ పేరూ లేని పిల్లల్లోనూ ఉంటుంది.

మిగిలిన 70 నిమిషాలు రాయడం నేర్పండి. టీచరు తన క్లాసులో ఒక పిల్లాడినో పిల్లనో ఎంచుకుని, పేరు బదులు ఒక అక్షరం పెట్టుకోవాలి. ఒక కాగితం మీద మూడు గళ్లు: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. రోజుకు ఒకే పీరియడ్, మూడే వరుసలు, అయిదు రోజులు. అల్లరి, మొండి, బద్ధకం, పొగరు అనే మాటలు ఆ కాగితం మీద ఉండకూడదు. ‘అల్లరి చేశాడు’ అని కాకుండా ‘పది నిమిషాల్లో ఆరుసార్లు లేచాడు’ అని రాయాలి. సెషన్‌లోనే పిల్లల్లా నటించి చూపించి, అందరి చేతా ఆ మూడు గళ్లూ నింపించండి. ఒకే దృశ్యానికి ఒక్కొక్కరు ఏం రాశారో చదివి వినిపిస్తే తేడా వాళ్లకే తెలుస్తుంది.

దాదాపు అందరూ తప్పేది మొదటి గడి దగ్గర. ‘ఏమీ జరగలేదు’ అని రాస్తారు. గొడవ మొదలయ్యాకే ఆ పిల్లాడి వైపు చూస్తారు కాబట్టి అంతకు ముందు జరిగింది కంటపడదు. ఖాళీ పీరియడ్ ఉన్న మరో టీచరు 15 నిమిషాలు వెనక కూర్చుని ఆ ఒక్క గడి నింపి ఇస్తే చాలు. బోర్డు మీది రాత ఎక్కించుకోవడం, లైన్ కట్టడం, ఒక పీరియడ్ నుంచి ఇంకోదానికి మారడం, నోటుబుక్కులు దిద్దేదాకా ఖాళీగా కూర్చోవడం, ఈ నాలుగే మళ్లీ మళ్లీ తేలతాయి. మూడో గడిలో ‘బయట నిలబెట్టాను’ అని పదేపదే వస్తే దాన్ని గట్టిగా చర్చించండి. రాయడం కష్టమైన పిల్లాడికి బయట నిలబడటం వల్ల రాత తప్పుతుంది. వాడు రేపు కూడా అదే చేస్తాడు.

ఇంకో లెక్క కూడా నేర్పండి. పది నిమిషాల పాటు ప్రతి 20 సెకన్లకు ఒకసారి తలెత్తి చూసి, పిల్లాడు పనిలో ఉంటే టిక్, లేకపోతే సున్నా వేయాలి. మొత్తం 30 చూపులు. అదే సమయంలో పక్క బెంచిలోని మామూలు పిల్లాడికీ అలాగే వేయాలి. మనవాడికి 12, పక్కవాడికి 25 వస్తే పిల్లాడి గురించి ఆలోచించాలి. ఇద్దరికీ 12 వస్తే పాఠం గురించి ఆలోచించాలి.

పేరు పెట్టే ముందు దాటి రావాల్సినవి

రెండో సెషన్ మొదట్లో ఈ పరిశీలనలు తెప్పించి, ప్రతి పిల్లాడి విషయంలో కొన్ని ప్రశ్నలు అడగండి. చెవి కారుతోందా, తరచు జలుబు చేస్తోందా? బోర్డు చూడటానికి కళ్లు చిట్లిస్తున్నాడా? రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? పొద్దున తిని వస్తున్నాడా? రోజులో పలుమార్లు ఉన్నట్టుండి కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా తాకినా తెలియక, తర్వాత ఏమీ జరగనట్టే పని కొనసాగిస్తుంటే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. దాన్ని ‘పరధ్యానం’ అని వదిలేయకూడదు, డాక్టరుకు చూపించమని వెంటనే చెప్పాలి. వీలైతే అలా జరిగినప్పుడు తేదీ, సమయం రాసి పెట్టుకోవాలి.

మన నగరంలో అన్నిటికంటే ఎక్కువ పొరబాటు భాష దగ్గర జరుగుతుంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ప్రైవేటు బడుల్లో అంతకు ముందు నుంచే ఉంది. ఇంట్లో తెలుగో ఉర్దూనో హిందీనో మాట్లాడే పిల్లాడు ఇంగ్లిష్ పాఠంలో దిక్కులు చూస్తే, అదే సూచనను ఇంటి భాషలో చెప్పి చూడండి. వెంటనే చేస్తే అది శ్రద్ధ లోపం కాదు. మూడు రోజులు, వేర్వేరు పీరియడ్లలో ఇలా చేసి చూశాకే ఒక మాట అనుకోవాలి.

రెండో సెషన్: గది, మాట

టీచర్లందరినీ వెంటబెట్టుకుని ఒక క్లాసు గదిలోకి వెళ్లండి, పాఠం జరుగుతున్నప్పుడే. పాఠం వేళ గదిలో బయటి నుంచి వచ్చే చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. గల్లీలో మూడంతస్తుల బిల్డింగ్‌లో నడిచే బడికి అది అందేది కాదు. అయినా ఫోన్‌లోని యాప్‌తో ఏ బెంచి దగ్గర ఎక్కువ, ఏ బెంచి దగ్గర తక్కువ అన్నది తెలుస్తుంది. యాప్ అంకె కచ్చితం కాకపోయినా పోల్చుకోవడానికి పనికొస్తుంది. తలుపు పక్కన, రోడ్డు వైపు కిటికీ దగ్గర, మోత చేసే ఫ్యాన్ కింద, పైకప్పు దాకా లేవని పార్టిషన్ గోడను ఆనుకుని ఈ పిల్లల్ని కూర్చోబెట్టకండి. మొదటి బెంచి మంచిదనుకుంటారు గానీ, వెనక ఏం చప్పుడైనా వాళ్లు తిరిగి చూస్తూనే ఉంటారు. రెండో వరుసలో గోడ వైపు, టీచరు చెయ్యి చాపితే అందే చోటు మేలు. పక్కన నెమ్మదైన పిల్లాడు ఉండాలి, కానీ వాడికి కాపలా బాధ్యత అప్పగించకూడదు.

బోర్డు ఉన్న గోడ మీద చార్టులు తీసేసి వెనక గోడకు మార్చండి. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు ఆ రోజే మార్పించండి. ఇనుప బెంచి కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయిస్తే ఈడ్చినప్పుడు వచ్చే కీచు చప్పుడు పోతుంది. ఖర్చు తక్కువ, ఫలితం క్లాసంతటికీ.

ఇక అసలు సాధన. క్లాసులో రోజూ వినిపించే వాక్యం ఒకటి బోర్డు మీద రాయండి: ‘అందరూ పుస్తకాలు తీసి, 42వ పేజీ తెరిచి, రెండో లెక్క చేసి, అయిపోయినవాళ్లు చెయ్యెత్తండి.’ ఇందులో నాలుగు పనులున్నాయి. శ్రద్ధ నిలవని పిల్లాడి చెవిలో చివరిది మాత్రమే మిగులుతుంది, వాడు చెయ్యెత్తుతాడు. క్లాసు నవ్వుతుంది. దీన్ని విడగొట్టే పద్ధతి ఇది. నడుస్తున్న టీచరు ఆగాలి. ఒకే గుర్తు ఇవ్వాలి, చప్పట్లైనా చెయ్యెత్తడమైనా సరే, రోజూ అదే. మూడు సెకన్లు నిశ్శబ్దం కోసం చూడాలి. ఒక్క పని చెప్పాలి, ఆరేడు మాటల్లో. తర్వాత పది సెకన్ల దాకా మాట్లాడకూడదు. చేసినవాళ్లను చూసి, చేసిన పని పేరు పెట్టి చెప్పాలి: ‘పుస్తకం తీశావు, సరే.’ అప్పుడే రెండో పని.

టీచర్లను ముగ్గురేసి కూర్చోబెట్టండి. ఒకరు టీచరు, ఒకరు పిల్లాడు, ఒకరు లెక్క రాసేవారు. మూడు నిమిషాలు చేసి పాత్రలు మార్చుకోవాలి, ఒక్కొక్కరు కనీసం రెండుసార్లు టీచరు కావాలి. లెక్క రాసేవారు మూడే చూడాలి: ఒక్కసారికి ఎన్ని పనులు చెప్పారు, ఎన్ని సెకన్లు ఆగారు, ఒక్క మందలింపుకు ఎన్ని మెచ్చుకోళ్లు. ఒక్క మందలింపుకు మూడు నాలుగు మెచ్చుకోళ్లు లక్ష్యంగా పెట్టుకోమనండి. అందరికీ కష్టమయ్యేది పది సెకన్లు ఆగడం. నాలుగో సెకనుకే అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పేస్తారు, పిల్లాడి మెదడు మళ్లీ మొదటి నుంచి వినాల్సి వస్తుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం అలవాటు చేయండి. ‘తీస్తావా?’ అని అడగడం, ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు?’ అనడం, ఈ రెండూ సాధనలో దొర్లినప్పుడే ఆపి మళ్లీ చెప్పించండి. ‘గుడ్’ అనే మాట కూడా అంతే, ఏది గుడ్డో పిల్లాడికి తెలియదు.

పక్కకు వెళ్లిన పిల్లాణ్ని దారికి తేవాలంటే గది అవతలి నుంచి పేరు పెట్టి పిలవకూడదు. దగ్గరికి వెళ్లి, వంగి, వాడి ఎత్తుకు వచ్చి, వేలితో లెక్క చూపించి రెండు మాటలు చెప్పి కదిలిపోవాలి. అక్కడే నిలబడి చూస్తుంటే మంకుపట్టు మొదలవుతుంది. పది లెక్కలున్న పేజీని మడిచి మూడు, మూడు, నాలుగుగా చూపించాలి. ఇక బోర్డు మీది ప్రశ్నజవాబులు ఎక్కించుకునే పని ఈ పిల్లలకు చేటు. తల ఎత్తి దించే లోపు చోటు తప్పిపోతుంది. అదే రాతను చిన్న చీటీ మీద బెంచి మీదే పెట్టండి, సగం రాయించి మిగతా సగం నోటితో అడగండి. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో ఇలా చేయడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. టీచరు నిర్ణయం చాలు.

మూడో సెషన్: శరీరం అడిగేది ఇవ్వడం

కదలికతో మొదలుపెట్టండి. ప్రతి 20 నిమిషాలకు రెండు నిమిషాలు, క్లాసు మొత్తానికి. ఒక్క పిల్లాణ్ని లేపి గంతులు వేయిస్తే అది శిక్షలా కనిపిస్తుంది. కండరాలకు బరువు పడే పనులు ఎంచుకోండి: రెండు అరచేతులతో గోడను పది లెక్కపెట్టేదాకా నెట్టడం, బెంచిని పట్టుకుని కూర్చున్న చోటే శరీరాన్ని పైకి ఎత్తడం, నోటుబుక్కుల కట్టను స్టాఫ్ రూముకు మోసుకెళ్లడం. ఎగరడం, గిరగిరా తిరగడం చివర్లో పెడితే కొందరు మరింత రెచ్చిపోయి రాతకు కూర్చోలేరు. ఎగిరించాలనుకుంటే ముందు ఎగిరించి, తర్వాత గోడ నెట్టించి, అప్పుడు కూర్చోబెట్టండి. కాళ్లు ఊపే పిల్లాడికి పంక్చరు షాపులో దొరికే పాత సైకిల్ ట్యూబును బెంచి ముందు కాళ్లకు అడ్డంగా బిగించి కట్టండి. పాదాలతో దాన్ని నెడుతూ రాసుకుంటాడు, చప్పుడు ఉండదు. వదులుగా కడితే జారి కాలికి చుట్టుకుంటుంది, వారానికోసారి బిగింపు చూడాలి.

చప్పుడు తట్టుకోలేని పిల్లలకు చెవులు కప్పే మఫ్‌లు రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్ల షాపుల్లో అడగండి. పెద్దవాళ్ల సైజు చిన్న తలకు వదులై జారుతుంది, పిల్లాణ్ని తీసుకెళ్లి పెట్టి చూసి కొనమని తల్లిదండ్రులకు చెప్పండి. బెల్లు, ప్రేయర్, యాన్యువల్ డే రిహార్సల్, చవితి రోజుల్లో వీధి మండపం మైకు, ఇలాంటి సమయాల్లో మాత్రమే వాడాలి. రోజంతా పెట్టుకుంటే మామూలు చప్పుళ్లు కూడా తట్టుకోలేని స్థితి రావచ్చు. బెల్లు కొట్టే రెండు నిమిషాల ముందు ఆ పిల్లాడికి చెవిలో చెప్పడం ఏ ఖర్చూ లేని సాయం. ప్రేయర్‌లో లైను చివర, స్పీకరుకు దూరంగా నిలబెట్టండి. చివరన ఉంటే వెనక నుంచి తోసేవాళ్లు కూడా ఉండరు.

భోజనాల దగ్గర ఆయాలకు నేర్పాల్సినవి కొన్నే. ఆ పిల్లాణ్ని అయిదు నిమిషాలు ముందు పంపాలి, స్టీలు పళ్లాల మోత మొదలయ్యేలోపు సగం తింటాడు. అన్నం, పప్పు కలపకుండా విడివిడిగా వడ్డించాలి. తినని కూరను బలవంతంగా నోట్లో పెట్టకూడదు. యూనిఫాం విషయంలో హెడ్‌మాస్టరుగా మీ ఒక్క మాట చాలు: మెడ వెనక లేబుల్ కత్తిరించుకోవచ్చు, టై, మెడలో ఐడీ కార్డు తాడు లేకపోయినా ఫరవాలేదు, సాక్సులు తిరగేసి వేసుకోవచ్చు. మెడ దురద పోగానే కదలడం తగ్గిన పిల్లలు ఉంటారు.

నెమ్మది మూల ఒకటి పెట్టండి. ఒక చాప, ఒక దిండు, అయిదు నిమిషాల ఇసుక గడియారం, పిసకడానికి ఒక స్పాంజి. మూడు వైపులా అట్టపెట్టె గోడ. పిల్లాడు చెయ్యి చూపించి తనే వెళ్లొచ్చు. గడియారం అయిపోగానే వదిలిన లెక్కకే తిరిగి రావాలి, దాన్ని తేలిక చేసైనా సరే. రాకుండా మాఫీ చేస్తే ఆ మూల తప్పించుకునే చోటవుతుంది. కోపంతో ‘పో, ఆ మూలకి’ అంటే ఆ రోజుతో అది శిక్ష గదవుతుంది. ఈ రెండు తప్పుల వల్లే చాలా బడుల్లో నెలకే మూల ఎత్తేస్తారు.

చేయకూడనివి కూడా రాయించండి. జిగురు, బంకమట్టి తాకలేని పిల్లాడి చెయ్యి పట్టుకుని అలవాటు చేయబోకూడదు, పుల్లో బ్రష్షో ఇవ్వాలి. వెనక నుంచి మెల్లగా తాకకూడదు, ఎదురుగా వచ్చి, చెప్పి, భుజం మీద గట్టిగా చెయ్యి వేయాలి. బరువు జాకెట్లు, చర్మం మీద బ్రష్ రుద్దడం వంటివి ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే నిపుణుడు) చెప్పకుండా బడిలో మొదలుపెట్టవద్దు. వాటికి ఉన్న ఆధారాలు బలహీనం. ఆటల పీరియడ్ కోత పెట్టడం అన్నిటికంటే చెడ్డ శిక్ష, కదలిక అవసరమైన పిల్లాడికి ఉన్న ఒక్క దారీ మూసేస్తుంది. గోడకుర్చీ వేయించడం, కొట్టడం, నలుగురిలో అవమానించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. టీచర్లకు ఆ సంగతి సూటిగా చెప్పండి.

నాలుగో సెషన్: ఇల్లు, ఆసుపత్రి

రోజు కార్డు ఒకటి తయారు చేయించండి. రెండు లక్ష్యాలు, మహా అయితే మూడు, పీరియడ్ల వారీగా టిక్కులు. ‘మంచిగా ఉండాలి’ లక్ష్యం కాదు, ‘చెప్పిన మొదటి మూడు లెక్కలు చేశాడు’ లక్ష్యం. ఇప్పుడు రోజుకు రెండు టిక్కులు వచ్చే పిల్లాడికి మొదటి వారం మూడుకే బహుమతి. ఆరు అని పెడితే బుధవారానికి కార్డు చింపేస్తాడు. బహుమతి ఇంట్లో, అదే సాయంత్రం: నాన్నతో పావుగంట క్యారమ్స్, తాతయ్యతో షాపు దాకా నడక. తక్కువ టిక్కులు వచ్చిన రోజు ఇంట్లో కొట్టడం మొదలైతే కార్డు ఆపేసి ముందు తల్లిదండ్రులతో మాట్లాడాలి.

ఆ మాట ఎలా మొదలుపెట్టాలో ఇద్దరేసి టీచర్ల చేత సాధన చేయించండి. ‘మీవాడికి ఏడీహెచ్‌డీ ఉందేమో’ అని టీచరు అనకూడదు. ఇలా అనొచ్చు: ‘అమ్మా, బాబు బొమ్మలు చాలా శ్రద్ధగా వేస్తాడు. రాత పనిలో మాత్రం పది నిమిషాల్లో ఆరుసార్లు లేస్తున్నాడు. మీరు ఇంట్లో ఏం చూస్తున్నారో చెప్పండి.’ తర్వాత వినాలి. నాయనమ్మో అమ్మమ్మో ఇంట్లో పిల్లాణ్ని చూసుకుంటుంటే ఆమెనూ పిలవండి, అసలు సంగతులు ఆమెకే తెలుస్తాయి.

పంపాల్సిన చోట్ల పట్టిక స్టాఫ్ రూములో అంటించండి. సర్కారు బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) ఆరోగ్య బృందం పరీక్షించే వాటిలో ఏడీహెచ్‌డీ, అభ్యసన ఇబ్బందులు, ఆటిజం ఉన్నాయి. ఈ కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. వాళ్లు వచ్చే రోజుకు మీ పరిశీలన కాగితాలు సిద్ధంగా ఉంచండి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో టీచరు నింపే జాబితా ఉంది, అది ప్రాథమిక గుర్తింపు మాత్రమే. సమగ్ర శిక్షా కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పనిచేసే భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీ టీచర్లు (ఆ పిల్లలకు సాయపడే రిసోర్స్ పర్సన్లు) దొరుకుతారు. పిల్లల వైద్యానికి నిలోఫర్ ఆసుపత్రి, ఎదుగుదల అంచనాకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన లోపాలు ఉన్నాయి గానీ ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఆ ఒక్కదానికే సర్టిఫికెట్ వస్తుందని తల్లిదండ్రులకు ఆశ పెట్టకండి. డాక్టరు మందు రాస్తే వేయమనీ మానమనీ టీచరు చెప్పకూడదు. మధ్యాహ్నం అన్నం తగ్గిందా, మరీ నీరసంగా ఉన్నాడా అన్నది రాసి ఇంటికి పంపాలి.

క్లాసులో కూర్చునే ఆరు వారాలు

రెండో సెషన్ అయిన మరుసటి వారం నుంచి మొదలుపెట్టండి. వారానికి ఒకసారి 15 నిమిషాలు తోటి టీచరు వెనక కూర్చోవాలి. హెడ్‌మాస్టరు కూర్చుంటే తనిఖీ అవుతుంది, టీచరు ఆ రోజుకు మాత్రమే బాగా చేస్తుంది. రెండో సెషన్‌లో లెక్క రాసిన ఆ మూడు అంశాలే ఇక్కడా. అదే రోజు అయిదు నిమిషాలు మాట్లాడాలి: బాగా జరిగినవి రెండు, మార్చాల్సింది ఒకటి. మూడు నాలుగు మార్పులు ఒకేసారి చెబితే ఏదీ జరగదు. 45 మంది పిల్లలతో ఒంటరిగా ఉన్న టీచరుకు మొత్తం శిక్షణలోంచి ఒక్క పద్ధతే ఎంచి ఇవ్వండి, మేమైతే పది సెకన్లు ఆగడాన్నే ఎంచుతాం.

ఆరో వారంలో ఆ 30 చూపుల లెక్క మళ్లీ వేయించండి. 12 ఉన్నది 18 అయితే పద్ధతి పనిచేస్తున్నట్టే, కొనసాగించాలి. కదలకపోతే మూడు గళ్ల కాగితానికి తిరిగి వెళ్లి మొదటి గడి మళ్లీ చూడండి. టీచరు మారినప్పుడు ఇదంతా పోకుండా, ఏప్రిల్‌లో ప్రతి పిల్లాడికి ఒక పేజీ రాయించండి: ఎక్కడ కూర్చుంటే బాగుంది, ఏ చప్పుడు పడదు, ఏ మాటతో దారికి వస్తాడు, ఏది చేస్తే చెడింది. జూన్‌లో క్లాసు తీసుకునే టీచరుకు అటెండెన్స్ రిజిస్టరుతో పాటు ఆ పేజీ చేతికివ్వండి.